కంప్యూటరు లెక్కలు, నంద్యాల సంఘ చరిత్ర

కంప్యూటరుతో చేయు పరిశోధన మనకు పరాయిదని తలచే వేదవిద్యార్థులు ఉన్నారు. నిజానికి దాని ఆరంభకులలో ఒకరు యాజకుడే. ఇటలీకి చెందిన జెసూట్ ఫాదర్ రోబెర్టో బూసా, తోమా అక్వీనాస్ రచనలలో దైవసాన్నిధ్యమును గూర్చి పరిశోధిస్తూ, లాటిన్‌లో ‘లోపల’ అని అర్థమిచ్చే ఒక చిన్న మాట కోసం పదివేల కార్డులు చేతితో వ్రాశాడు. 1949లో ఐ.బి.ఎం. సహాయము అడిగాడు. ఫలితముగా వెలువడిన పదసూచిక 56 సంపుటములు.

ఆ పని తెలుగులో అంత సులువు కాదు. మన బైబిలులో ఆ చిన్న మాట విడిగా నిలువదు. ‘క్రీస్తునందు’, ‘నాయందు’ అని నామమునకు అతుక్కొని ఉంటుంది. విడి పదముగా వెదికితే ఇవి దొరకవు.

2000లో ఫ్రాంకో మొరెట్టి ‘దూరపఠనము’ను ప్రతిపాదించాడు. 2019లో నాన్ దా అనే విమర్శకురాలు, ఇట్టి లెక్కలలో గట్టిగా నిలిచేవి ముందే తెలిసినవి, క్రొత్తవి నిలిచేవి కావు అని ఖండించింది. మన ప్రాంతమునకు వస్తే చిక్కు అంతకంటె ముందే ఉన్నది: అసలు లెక్కించేది దేనిని?

1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు నంద్యాల ఆంగ్లికన్లలో అనేకులు వెలుపలనే నిలిచారు. 1975లో గాని ఐక్యము కాలేదు. ఎందుకు? ఎస్.పి.జి. మిషనరీ కాగితములు ఆక్స్‌ఫర్డ్ బాడ్లియన్ గ్రంథాలయములో భద్రముగా ఉన్నవి. నంద్యాల నుండి, ఆళ్లగడ్డ చేరువలోని ముత్యాలపాడు నుండి దొరలు వ్రాసిన ఉత్తరములను ఎంత చక్కగా లెక్కించినను, దళిత విశ్వాసులు ఏమనుకొన్నారని దొరలు తలచారో అదే తేలుతుంది. విశ్వాసుల మాట సంఘపు మినిట్సు పుస్తకములలో, చేతివ్రాతలో, పాస్టరుగారి బీరువాలో ఉంటుంది, చెదలు మిగిల్చినంత మట్టుకు.

అయితే అన్నీ స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టండి అని సలహా ఇచ్చేవారు ఒక సంగతి మరచుచున్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులకు షెడ్యూల్డు కులపు హోదా ఇవ్వదు. బాప్తిస్మపు రిజిస్టరులో తాతగారి పేరు ఎవరైనా వెదికి తీయగలిగితే, మనుమరాలి కుల ధ్రువపత్రమునకే ముప్పు రావచ్చును. ఆక్స్‌ఫర్డ్ పండితునికి ఈ భయము లేదు. కనుక మినిట్సు పుస్తకములను ముందుగా, గ్రామము, సంవత్సరము, పుట సంఖ్యలతో ఫొటోలు తీసి, యూనికోడ్‌లో ఎక్కించవలెను. బాప్తిస్మపు పుటలకు కూడ నకలు తీయవలసినదే. కాని అది సంఘము చేతిలోనే, తాళము వేసి ఉండవలెను.