రాణి సరాయి, రాజు వేటస్థలం

అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి ఎల్బీనగర్ వైపు హైవే మీద వస్తుంటే ముందు హయాత్‌నగర్, ఆ తర్వాత మహావీర్ హరిణ వనస్థలి. ఒకటి రాణి పేరున్న ఊరు, ఇంకొకటి నిజాములు వేటాడిన అడవి. ఈమధ్య ఒకేరోజు రెండూ చూశాను. మన చరిత్ర ఎవరి కళ్ళతో రాసుకున్నామో ఈ రెండుచోట్లా తేటగా తెలుస్తుంది.

హయాత్ బక్షీ బేగం గురించి ఎక్కడ చదివినా మొదటి వాక్యం ఒకటే. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, సుల్తాన్ మహమ్మద్ భార్య, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి. ముగ్గురు మగవాళ్ళను దాటితేగానీ ఆమె దగ్గరికి చేరలేం! 1626లో కొడుకు పన్నెండేళ్ళకే గద్దెనెక్కితే పాలనలో ఆమె మాట నడిచింది. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు సంధి కోసం అతని శిబిరానికి వెళ్ళింది ఆమే. మగవాడు చేస్తే రాజనీతి అనే ఈ పనిని, ఆమె చేసింది కాబట్టి తల్లి మనసు అని సరిపెట్టేస్తాం.

హయాత్‌నగర్‌లో ఆమె పేరున్న మసీదు, దాని చుట్టూ బాటసారుల కోసం కట్టిన కమానుల గదులు, దగ్గరలో హాథీ బావి ఉన్నాయి. మచిలీపట్నం బాటలో నడిచేవాళ్ళకి నీడ, నీరు, రాత్రికి రక్షణ. రాజ్యం చేయాల్సిన పని ఇదే కదా! అలాగని రాణిని ఆకాశానికెత్తడమూ నాకిష్టం లేదు. బావికి ఏనుగు పేరు మిగిలింది. రాళ్ళు మోసిన, గదులూడ్చిన ఆడవాళ్ళ పేర్లు మాత్రం నాకెక్కడా కనిపించలేదు.

వనస్థలికి 1975లో, మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సర సందర్భంగా ఆ పేరు పెట్టారు. వేటస్థలానికి అహింస బోధించినవాడి పేరు పెట్టడం మంచిదే. కానీ చూపు మారిందా? కృష్ణజింక అన్న పేరు మగజింక నలుపు నుంచి వచ్చింది. ఆడజింకది గోధుమవన్నె, సాధారణంగా దానికి కొమ్ములుండవు. బొమ్మల్లో మనకు గుర్తుండేది మెలితిరిగిన కొమ్ములే. వేటగాడు గోడకు తగిలించుకోవాలనుకున్నవీ అవే.

పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళేవాళ్ళకి నేను చెప్పేదొకటే. జింకల మందలో కొమ్ముల్లేనివాటిని కూడా చూపించండి. బేగం కథను సంధి నడిపిన పాలకురాలిగా మొదలుపెట్టండి. తండ్రి, భర్త, కొడుకుల పేర్లు తర్వాత చెప్పొచ్చు.