గాజుకమతము

కట్టడము యజమానిదే యైనను దాని ముఖము వీధిది. లోపలి గదులను గోరినట్లు దిద్దుకొను స్వాతంత్ర్యము గృహస్థునకు గలదు. వెలుపలి గోడను ప్రతిదినము జూడవలసినవాడు మాత్రము బాటసారి. చిత్రశాలకు బోవుట మన యిచ్చ. వీధిగోడను జూడకుండుట మన యిచ్చ గాదు. కావున భవనముఖములపై నెక్కిన కళను విమర్శించునపుడు దాని యందమునే గాక, అది దారినిబోవువారియెడ జూపు మర్యాదను గూడ విచారింపవలెనని మా యభిప్రాయము.

ఇటీవలి దశాబ్దములలో నిట్టి కళకు గాజుపలక యొక ముఖ్యాధారమైనది. మెత్తగా నూరిన గాజుపొడిని రంగుద్రవ్యముతో గలిపి సిరాగా జేసి, పలకపై నచ్చొత్తి, కొలిమిలో 600 డిగ్రీల సెంటిగ్రేడునకు మించిన వేడిలో గాల్తురు. అప్పుడు రంగు గాజుతో నేకమగును. వానకు గరగదు, ఎండకు సులభముగా వెలవదు. అచ్చుచుక్కల దట్టమును బట్టి యెండవేడిమి కొంత యాగును. వెలుతురు కొంత లోనికి వచ్చును. తగినట్లు కూర్చిన యచ్చు పక్షులు గాజునకు గొట్టుకొని చచ్చుటను గూడ తగ్గించును. కావున దీనిని వట్టి యలంకారమని త్రోసివేయరాదు. అయినను ఉపయోగము కళకు దోడుపడవచ్చును గాని కళకు సాక్ష్యము గాజాలదు.

మేమిచ్చట పరిశీలింపదలచినది నెదర్లాండ్సు దేశమున స్ఖైండెల్ అను నూరి యంగడిచౌకమున 2013లో వెలసిన గాజుకమతము. దీనిని గల్పించినవారు ఎం.వి.ఆర్.డి.వి. అను పేరుగల వాస్తుశిల్పులు. వారిలో నొకడైన వినీ మాస్ 1959లో నీ యూరనే జన్మించినవాడు. రెండవ ప్రపంచయుద్ధమున, 1944లో, ఈ చౌకము దెబ్బతినెను. ఆ స్థలమును బూరింపవలెనని మాస్ 1980 నాటినుండియు బ్రయత్నించెను. తుదకు నెగ్గినది యేడవ సూచన.

ఆ ప్రాంతమున మిగిలియున్న పాత కమతపుటిండ్లను ఫ్రాంక్ వాన్ డర్ సాల్మ్ అను ఛాయాచిత్రకారుడు చిత్రించెను. ఆ చిత్రములనుండి కూర్చిన రూపమును 1,800 చదరపు మీటరుల గాజుపై నచ్చొత్తిరి. ఇటుకగోడ, తలుపు, గడ్డికప్పు, సర్వమును గాజుమీది యచ్చే. లోపల నున్నవి దుకాణములు, భోజనశాలలు, కార్యాలయములు. వెలుతురు వలసినచోట నచ్చు పలుచబడును. కట్టడపు టెత్తు 14 మీటరులు. నిజమైన కమతపుటింటికంటె 1.6 రెట్లు పెద్దది.

ఇది యబద్ధపు గోడ యని కొందఱందురు. తాపీవాని చేయి సోకని యిటుక, వాన నాపని గడ్డి, గడియ లేని తలుపు! ఈ యాక్షేపమును మేమంగీకరింపము. మోసము తన్ను దాచుకొనును. ఈ గోడ తన్ను దాచుకొనదు. దగ్గఱకు బోయినకొలది ఇటుక యచ్చుగా విడిపోవును. లోపలి మనుష్యులు కానవత్తురు. రాత్రి దీపములు వెలిగినపుడు ఇల్లంతయు లాంతరువలె ప్రకాశించును. తాను మాయయని తానే యొప్పుకొను మాయకు గళ యనియే పేరు.

దాని పరిమాణములో నొక లోతైన భావము గలదు. చిన్ననాటి యిల్లు మన తలపులో నెప్పుడును ఉన్నదానికంటె పెద్దదిగానే యుండును. ఆ గోడయెదుట నిలిచిన పెద్దవాడు మరల బాలుడగును. ప్రక్కనే వ్రేలాడు పెద్ద ఉయ్యాలయు నీ భావమునే బలపఱచుచున్నది.

మా యాక్షేపము వేఱు. జర్మనీలోని ఎబర్స్‌వాల్డె పట్టణమున 1999లో హెర్జోగ్, డి మ్యురాన్ అనువారు నిర్మించిన గ్రంథాలయముతో దీనిని బోల్చి చూడుడు. అచ్చట తోమస్ రూఫ్ అను కళావేత్త పత్రికలనుండి యేరిన చిత్రములను గాజుమీదను కాంక్రీటుమీదను నచ్చొత్తిరి. లోపల జదువు, వెలుపల జదువదగిన గోడ. రెంటికిని బంధుత్వము గలదు. స్ఖైండెల్‌లో వెలుపల సేద్యము, లోపల వ్యాపారము. రైతుయొక్క రూపము నెరవు దెచ్చుకొన్న యంగడి, రైతుయొక్క శ్రమకు లోపల దావీయలేదు.

మఱియొకటి: పెక్కిండ్లనుండి కూర్చిన యిల్లు ఎవ్వరి యిల్లును గాదు. వంకరపోయిన కిటికీయు, ఒకనాడెవరో వేసిన మాసికయు నుండినగాని యొక యిల్లు ఒకరిదని తెలియదు. సగటు రూపమునకు అందముండవచ్చును, జ్ఞాపకముండదు.

అన్నిటికంటె మేము భయపడున దింకొకటి గలదు. పాతయిండ్ల బొమ్మ నడివీధిలో నిలిచినది గదా యని, మిగిలిన పాతయిండ్లను గూల్చుట కెవ్వరును సంకోచింపకుందురేమో! బొమ్మ ఋణమును జ్ఞాపకముచేయు పత్రము గావలెను గాని చెల్లుచీటి గాగూడదు. చచ్చినవారి పటమును గోడకు దగిలించుట భక్తియే. బ్రతికియున్న ముదుసలిని వాకిట నుంచి, పటమునకు బూలమాల వేయుట భక్తి యగునా?

గాజుకమతము మంచి కళయని మేమొప్పుకొందుము. అంగడిచౌకమునకు మరల నొక ముఖము నిచ్చినందుకు దాని నభినందింతుము. అయిన నది సార్థకమగునో కాదో యా గాజుమీద దేలదు. ఆ చిత్రమున కాధారమైన యిండ్లలో నెన్ని కప్పులు ముందు నేయబడునో, యెన్ని గోడలు నిలుపబడునో, యచ్చట దేలును.