బొమ్మ ఆపి చూస్తే

టామ్ అండ్ జెర్రీ అంటే మన ఇళ్లలో అన్నం తినని పిల్లల ముందు పెట్టే వస్తువుగా మిగిలిపోయింది. నాకది బాధగా ఉంటుంది. విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా కలిసి ఎంజీఎం స్టూడియోలో 1940 నుంచి 1958 దాకా తీసిన ఆ 114 చిన్న చిత్రాలు సినిమా హాళ్ల కోసం తీసినవి. అసలు సినిమాకు ముందు పడేవి. వాటిలో ఏడింటికి ఆస్కార్లు వచ్చాయి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఏడు నిమిషాల చిత్రానికి పదివేల పైచిలుకు ఫ్రేములు కావాలి. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడుకున్నా, అయిదువేల సార్లు ఎవరో పెన్సిల్ పట్టి గీశారు. ఇంకెవరో దాన్ని పల్చటి సెల్యులాయిడ్ షీటు మీద సిరాతో దిద్ది, వెనక వైపు రంగు నింపారు.

ఈ చేతిపని కంటికి ఆనాలంటే బొమ్మ ఆపాలి. హాల్లో ఆపలేం, కేబుల్లో ఆపలేం. సొంతానికి క్యాసెట్టో డిస్కో ఉంటే అది కుదురుతుంది. కార్టూన్లు సేకరించి దాచుకోవడానికి ఇంతకు మించిన కారణం నాకు కనబడదు.

మా జగ్గయ్యపేట, నందిగామ హైదరాబాద్-బెజవాడ హైవే మీది ఊళ్లు. హైదరాబాద్‌లోనూ బెజవాడలోనూ దొరికేది ఏదైనా బస్సెక్కి ఇక్కడికి వచ్చేసేది. అద్దె క్యాసెట్ల రోజుల్లో వీడియో షాపుల్లో సినిమాలదే రాజ్యం, కార్టూన్ క్యాసెట్టు ఏ మూలో ఒకటి ఉంటే గొప్ప. 1995లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి వచ్చింది, ఆ తర్వాత వీసీడీలు వచ్చాయి. పిల్లలు పెద్దయ్యాక ఆ డిస్కులు అటక ఎక్కాయి. వాటిని దింపి చూడాల్సిన వేళ ఇది.

మొదట ‘ది క్యాట్ కన్సర్టో’ చూడండి. 1947లో విడుదలైంది. టామ్ కోటు వేసుకుని, మహా విద్వాంసుడి ఠీవితో పియానో ముందు కూర్చుంటాడు. స్వరకర్త లిస్ట్ రాసిన రెండో హంగేరియన్ రాప్సొడీ మొదలవుతుంది. పియానో లోపల నిద్రపోతున్న జెర్రీని తీగల మీద కొట్టే సుత్తులు లేపుతాయి. ఇక అక్కడి నుంచి యుద్ధమే. జెర్రీ పియానో మెట్లు రెండు తీసేసి ఆ చోట ఎలుకల బోను పెడతాడు, అందులో టామ్ వేలు పడుతుంది. పాట మాత్రం ఆగదు. ఒక్కో ఫ్రేమూ జరుపుతూ టామ్ చేతులు చూడండి. స్వరం పైకి పోతే చెయ్యి కుడికి పోతుంది, వేగం పెరిగితే వేళ్లు విచ్చుకుంటాయి. ముందు సంగీతం తేల్చుకుని, ఏ ఫ్రేములో ఏ దెబ్బ పడాలో కాగితం మీద లెక్క వేసుకుంటే తప్ప ఇది సాధ్యం కాదు. సంగీతం చూసిన స్కాట్ బ్రాడ్లీ ఈ సరిజోడింపులో ఘనుడు.

మన తోలుబొమ్మలాట చూసినవాళ్లకు ఇది కొత్త విద్య అనిపించదు. అందులో హాస్యగాడు కేతిగాడి వీపున బంగారక్క దెబ్బ పడేసరికి తెర వెనక కాలి కింద చెక్క మోగాలి. ఒక్క క్షణం తప్పినా నవ్వు రాదు.

అదే రాప్సొడీ మీద వార్నర్ సంస్థలో ఫ్రిజ్ ఫ్రెలెంగ్ 1946లో ‘రాప్సొడీ రాబిట్’ తీశాడు. అందులో కుందేలు బగ్స్ బన్నీ వాయిస్తాడు, ఎలుక అల్లరి చేస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే టామ్ మర్యాదస్తుడనీ, బగ్స్ ప్రేక్షకులతో సరసాలాడే రకమనీ తెలుస్తుంది. ఈ సుఖం సేకరించినవాళ్లకే దక్కుతుంది. అదే వార్నర్‌లో చక్ జోన్స్ 1942లో తీసిన ‘ది డోవర్ బాయ్స్’ ఇంకో వింత. మనిషి ఒక భంగిమ నుంచి ఇంకోదానికి దూకేటప్పుడు మధ్య ఫ్రేములో అతను ఉండడు, సాగదీసిన రంగు చార ఉంటుంది. మామూలుగా ఆడిస్తే కన్ను దాన్ని పట్టలేదు.

ఏ డిస్కు కొన్నా కొన్ని సంగతులు చూసుకోవాలి. వీసీడీలో బొమ్మ 352 x 288 చుక్కలే, నల్లగీత చుట్టూ గళ్లు గళ్లుగా చెదురుతుంది. మన దేశపు పాల్ పద్ధతి డిస్కుల్లో 24 ఫ్రేములను 25గా తిప్పేస్తారు. బొమ్మ నాలుగు శాతం వేగంగా నడుస్తుంది, శ్రుతి కూడా పెరుగుతుంది. సంగీతం తెలిసినవాళ్ల చెవికి అది ముల్లే. పాత ఫిల్ము మీది దుమ్ము తుడిచే కంప్యూటరు సన్నటి గీతను కూడా దుమ్మే అనుకుని చెరిపేస్తే పాత్ర మీసాలే మాయమవుతాయి. కొత్త టీవీలో దాదాపు చతురస్రంగా ఉండే పాత బొమ్మను అడ్డంగా సాగదీయడం మన ఇళ్లలో మామూలు. దయచేసి ఆ సెట్టింగు మార్చండి.

కోతల సంగతి పెద్దది. 2011లో టామ్ అండ్ జెర్రీ గోల్డెన్ కలెక్షన్ మొదటి సంపుటి బ్లూరేలో వచ్చింది. రెండోదానిలో ‘మౌస్ క్లీనింగ్’, ‘కాసనోవా క్యాట్’ ఉండవని 2013లో తెలియడంతో సేకర్తలు గొడవ చేశారు, ఆ విడుదల ఆగింది. ఆ రెండింట్లో నల్లజాతివారిని కించపరిచే దృశ్యాలున్నాయి. అవి తప్పే. కానీ కత్తిరిస్తే తప్పు చేసిన సంగతే కనబడకుండా పోతుంది. వార్నర్ వారి లూనీ ట్యూన్స్ గోల్డెన్ కలెక్షన్ మూడో సంపుటిలో, 2005లో, నటి వూపీ గోల్డ్‌బర్గ్ ముందుగా తెర మీదికి వచ్చి అలాంటి దృశ్యాలున్న చిత్రాలను ఎందుకు ఉంచారో చెబుతారు. నాకు ఆ దారే నచ్చింది.

మే నెలలో 45 డిగ్రీలు దాటే మన మెట్ట ఊళ్లలో దాచుకోవడమూ ఒక పనే. రేకుల కప్పు కిందా అటక మీదా పెట్టొద్దు. క్యాసెట్లను పూర్తిగా వెనక్కి తిప్పి, నిలువుగా నిలబెట్టాలి. వానాకాలం తర్వాత బూజు పట్టిందేమో చూడాలి. బూజున్న టేపు వీసీఆర్‌లో పెడితే హెడ్డు కూడా పాడవుతుంది. పాత పెళ్లి క్యాసెట్లను డిస్కుల్లోకి ఎక్కించే ఫొటో స్టూడియోల దగ్గర ఇంకా పనిచేసే వీసీఆర్‌లు ఉండొచ్చు. పెళ్లి క్యాసెట్టు తీసుకెళ్లే రోజున మీ అటక మీది కార్టూన్ క్యాసెట్టునూ పట్టుకెళ్లండి. పేర్లు పడే భాగాన్ని మాత్రం కత్తిరించొద్దని గట్టిగా చెప్పండి. వార్నర్ వాళ్లు ‘బ్లూ రిబ్బన్’ పేరుతో తిరిగి విడుదల చేసినప్పుడు చాలా చిత్రాల అసలు టైటిళ్లు పోయాయి. వాటితోపాటు గీసినవాళ్ల పేర్లూ పోయాయి.