అడగకుండా జరిగే టైపు మార్పిడి: సి ప్లస్ ప్లస్ పద్ధతిపై విమర్శ

గత భాగంలో కన్‌స్ట్రక్టర్ల రకాలు చూశాం. ఒకే ఆర్గ్యుమెంటుతో పిలవగలిగే కన్‌స్ట్రక్టరుకు ఆబ్జెక్టును తయారు చేయడమే కాక మరో పని కూడా ఉంది. ఆ ఆర్గ్యుమెంటు టైపు నుంచి క్లాసు టైపుకు అది మార్పిడి దారి అవుతుంది. మనం అడగకపోయినా కంపైలర్ ఆ దారి వాడుకుంటుంది. ఈ ఏర్పాటు సరైనదేనా?

ఈపూరులో ఒక శీతల గిడ్డంగి ఉందనుకుని, దాని అద్దె లెక్కించే ప్రోగ్రాము మీరు రాస్తున్నారనుకోండి. 'బరువు' క్లాసు కన్‌స్ట్రక్టర్ క్వింటాళ్లను పూర్ణాంకంగా తీసుకుంటుంది. 'అద్దె' ఫంక్షనుకు బరువు టైపు ఆర్గ్యుమెంటు కావాలి. రైతు 40 టిక్కీల మిర్చి తెచ్చాడు. మీరు పొరపాటున ఆ 40నే ఫంక్షనుకు పంపారు. కంపైలర్ నోరు మెదపదు. 40 క్వింటాళ్లుగా మార్చి లెక్క కట్టేస్తుంది. టిక్కీ సాధారణంగా అర క్వింటాలు కూడా తూగదు. అంటే రైతు రెట్టింపుకు మించి కట్టాలి. ఇటువంటి తేడా పట్టుకోవడానికే కదా క్లాసు రాసుకున్నది!

దీనికి విరుగుడుగా 1998 ప్రమాణంలో 'ఎక్స్‌ప్లిసిట్' అనే కీలకపదం వచ్చింది. కన్‌స్ట్రక్టరు ముందు దాన్ని ఉంచితే, ఉత్త 40 పంపినప్పుడు కంపైలర్ తిరస్కరిస్తుంది. బరువు(40) అని రాయక తప్పదు. అలా రాసేటప్పుడైనా ఇవి టిక్కీలా, క్వింటాళ్లా అన్న ప్రశ్న చేతికి అడ్డం పడుతుంది.

అయితే ఆ విరుగుడు సగమే. కన్‌స్ట్రక్టర్ బయటి టైపును లోపలికి తెస్తే, కన్వర్షన్ ఆపరేటర్ క్లాసును బయటి టైపుగా మారుస్తుంది. ఈ రెండో దారికి 2011 వరకు తలుపు లేదు. 1998 ప్రమాణంలో 'సిన్' వంటి స్ట్రీములు తమ స్థితిని తెలపడానికి వాయిడ్ పాయింటరుగా మారేవి. ఫలితంగా 'డిలీట్ సిన్' అని రాసినా చాలా కంపైలర్లు మహా అయితే ఒక హెచ్చరికతో ఒప్పుకునేవి. కీబోర్డును డిలీట్ చేయడమన్నమాట! 2011 ప్రమాణం ఆపరేటర్లకూ ఎక్స్‌ప్లిసిట్‌ను అనుమతించింది. స్ట్రీములు ఇప్పుడు బూల్‌గా మారతాయి, అదీ ఇఫ్, వైల్ వంటి షరతుల్లో మాత్రమే అడగకుండా మారతాయి.

నా అభ్యంతరం కీలకపదం మీద కాదు, దాని దిశ మీద. ప్రమాదకరమైన ప్రవర్తన ఏమీ రాయకుండానే వస్తుంది. భద్రత కావాలంటే అదనంగా ఒక పదం రాయాలి. కొత్తగా నేర్చుకునేవారు మరిచిపోయేది సరిగ్గా ఆ పదాన్నే. సి షార్ప్‌లో ప్రోగ్రామరు రాసే ప్రతి మార్పిడి ఆపరేటరుకూ ఇంప్లిసిటా, ఎక్స్‌ప్లిసిటా అన్నది తప్పనిసరిగా చెప్పాలి. అది మెరుగైన పద్ధతి. కానీ సి ప్లస్ ప్లస్ 1985 నుంచే వాడకంలో ఉంది. దిశ మారిస్తే అప్పటికే రాసిన కోడ్ ఎంతో చెడిపోయేది.

అన్ని మార్పిడులనూ నిషేధించాలని దీని అర్థం కాదు. వాస్తవ సంఖ్య సంకీర్ణ సంఖ్యగా మారితే విలువా అర్థమూ చెక్కుచెదరవు. అక్కడ ఎక్స్‌ప్లిసిట్ పెడితే గణిత సూత్రం చదవడం కష్టమవుతుంది.

మార్పిడిని పైకి రాసినంత మాత్రాన గండం గడిచినట్లు కాదు. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ ఎగిరిన 40 సెకన్లలోపే నాశనమైంది. 64 బిట్ల దశాంశ విలువను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోతే అది పట్టలేదు. ఆ కోడ్ అడా భాషలోనిది. ఇటువంటి మార్పిడిని అడా అడగకుండా చేయదు. అక్కడ మార్పిడిని రాసే ఉంచారు. ఏరియన్ 4 నుంచి తెచ్చుకున్న ఆ కోడ్‌లో ఆ విలువకు హద్దుల పరీక్ష మాత్రం పెట్టలేదు.

అభ్యాసం: 'బరువు', 'టిక్కీలు' అనే రెండు క్లాసులు రాయండి. వాటి కన్‌స్ట్రక్టర్లలో, ఆపరేటర్లలో ఎక్కడ ఎక్స్‌ప్లిసిట్ ఉంచారో, ఎక్కడ వదిలేశారో కారణంతో వివరించండి. టిక్కీ బరువు ఒక్కో రైతుకు ఒక్కో రకంగా ఉంటే మీ జవాబు మారుతుందా?