గీయని నడక

పఫ్నూతీ చెబిషేవ్ పేరు గణితం చదివినవాళ్లకు బహుపదుల వల్ల తెలుసు. ఆ బహుపదులు పుట్టింది ఆవిరి యంత్రాల కీళ్ల దగ్గరంటే చాలామంది ఆశ్చర్యపోతారు. గుండ్రంగా తిరిగే కదలికకూ తిన్నగా సాగే కదలికకూ పొత్తు కుదర్చడం ఆ కాలపు ఇంజనీర్లకు పెద్ద తలనొప్పి. జేమ్స్ వాట్ 1784లో కడ్డీలను కీళ్లతో కలిపి కొంచెం వంకరగానైనా పని గడుపుకొన్నాడు. ఆ వంకరను ఎంతదాకా తగ్గించవచ్చన్న ప్రశ్నను పట్టుకుని చెబిషేవ్ 1854లో సిద్ధాంతం రాశాడు. 1878 పారిస్ ప్రపంచ ప్రదర్శనకు ఏకంగా నాలుగు కాళ్లతో నడిచే యంత్రాన్నే పంపాడు.

ఆ కాలి వెనకున్న అమరికను గ్రీకు అక్షరం లాంబ్డా పేరుతో పిలుస్తారు. దాన్ని జియోజీబ్రాలో ఆడించి చూడటం ఒక గంట పని. మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో సాల్జ్‌బర్గ్‌లో విద్యార్థిగా ఉండగా మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. ఫోన్‌లోనూ నడుస్తుంది, సొంతానికి వాడుకుంటే ఉచితం.

కొలతలు నోటికి వచ్చేంత తేలిక. చుట్టూ తిరిగే చిన్న కడ్డీ, అంటే క్రాంకు, పొడవు 1. దాని ఇరుసు నుంచి రెండో ఇరుసు 2 దూరంలో. రెండో ఇరుసు నుంచి ఊగే కడ్డీ 2.5. క్రాంకు కొనకు తగిలించిన పొడవాటి కడ్డీ 5; ఊగే కడ్డీ దాన్ని సరిగ్గా నడిమిన పట్టుకుంటుంది. కోణానికి ఒక స్లైడర్ పెడితే క్రాంకు కొన తిరగడం మొదలవుతుంది. ఆ కొన కేంద్రంగా 2.5 వ్యాసార్ధంతో ఒక వృత్తం, రెండో ఇరుసు కేంద్రంగా అదే వ్యాసార్ధంతో ఇంకొకటి. పైన ఖండించుకున్న చోటు నడిమి కీలు. మూడు భుజాలిచ్చి త్రిభుజం గీయమంటే బడిలో వృత్తలేఖినితో చేసిన పని ఇదే. ఇక కడ్డీ చివరకు గీత కూడా అక్కర్లేదు: కీలు నిరూపకాలను రెట్టింపు చేసి, క్రాంకు కొన నిరూపకాలను తీసేస్తే చాలు. వృత్తాలను దాచి, కడ్డీలను మాత్రం ఉంచి, స్లైడర్‌ను వదిలేయాలి.

ఈ పనితనంలో నాకు నచ్చేది ఒకటే. ఇందులో కదలికను ఎవరూ గీయలేదు. పొడవులు చెప్పాం, అంతే. కదలికను అవి వాటంతట అవే తేల్చుకున్నాయి. పాఠాల వీడియోల్లో పిస్టన్ బొమ్మలు చూడండి. పిస్టన్‌ను సైన్ వక్రంలా నున్నగా ఊపేస్తారు, దానికి సర్దుకోవడానికి కనెక్టింగ్ రాడ్ గుట్టుగా సాగి ముడుచుకుంటుంది. రబ్బరు రాడ్! జియోజీబ్రాలో వృత్తాలతో కట్టిన బొమ్మలో అలాంటి దొంగతనం కుదరదు. క్రాంకును 3 కన్నా పొడవు చేయండి. తిరిగి తిరిగి ఒకచోట రెండు వృత్తాలు ఒకదానికొకటి అందవు, కడ్డీలు తెర మీంచి మాయమవుతాయి. నిజం ఇనుమైతే అక్కడే బిగుసుకుపోయేది.

సరైన కొలతలతో కడ్డీ చివరి బిందుపథం గీయిస్తే, పైన గుమ్మటం, అడుగున తిన్నని గీత. క్రాంకు కోణం 90, 180, 270 డిగ్రీల దగ్గర ఆ బిందువు ఎత్తు కచ్చితంగా 4. మధ్యలో పైకి లేచేది 0.01 కూడా లేదు. గీత పొడవు 4 యూనిట్లు. దాన్ని తెర మీద 20 సెంటీమీటర్లకు పెంచినా వంకర అర మిల్లీమీటరు దాటదు. 1864లో ఫ్రెంచి సైనిక ఇంజనీరు పోసెలియె రవ్వంత తేడా కూడా లేని సరళరేఖ అమరికను చూపించాడు, నిజమే. కానీ దానికి కడ్డీలు ఎక్కువ. ఇంత తక్కువ సామానుతో ఇంత తిన్నదనం తెచ్చిన చెబిషేవ్‌కే నా ఓటు.

నడక అసలు తమాషా. సగం చుట్టులో పాదం నేల మీద, మిగతా సగంలో 0.9 ఎత్తు దాకా గాలిలో. ఆ పొడవాటి కడ్డీ చివర నుంచి నిలువుగా కిందికి కాలు దించి, ఐమూలగా ఉన్న రెండు కాళ్లను ఒక జతగా, రెండో జతను 180 డిగ్రీల తేడాతో పెడితే, ఒక జత ఆనుకునే క్షణంలోనే రెండోది లేస్తుంది. శరీరాన్ని, అంటే ఇరుసులున్న చట్రాన్ని, జరపడానికి వేగం లెక్కలు వద్దు. నేల మీదున్న పాదం చట్రంలో ఎంత వెనక్కి జరిగిందో చట్రాన్ని అంత ముందుకు జరపాలి, అప్పుడు పాదం తెర మీద కదలదు. నేల పట్టాక క్రాంకు మొదటి 30 డిగ్రీలకు శరీరం 0.61 యూనిట్లు ముందుకు పోతుంది, తర్వాతి రెండు ముప్పైలకు 0.69, 0.70. అంటే కాలు మార్చే ప్రతిసారీ నడక కాస్త నెమ్మదిస్తుంది. ఆ తటపటాయింపును ఎవరూ ప్రోగ్రామ్ చేయలేదు, అది లాంబ్డా సొంత లక్షణం.

అసలు యంత్రం మాస్కోలోని పాలిటెక్నిక్ మ్యూజియం సొత్తు. మీరు మీ ఫోన్‌లో దాని కాలిని కట్టి, ఇరుసుల మధ్య దూరాన్ని 2 నుంచి 2.2కు మార్చి చూడండి. తిన్నని గీత నడుమ 0.14 యూనిట్లు కుంగుతుంది.