రక్తంలో కొవ్వు: బండి రూపకం దాచిన సంగతి

కీలకపదాలు: లైపోప్రోటీన్, లైపేజ్, శాస్త్రరచన, రూపకం, ముంచింగిపుట్టు

రక్తంలోని కొవ్వును వివరించే తెలుగు ఆరోగ్యవ్యాసాలలో తరచుగా కనిపించే రూపకాలు రెండు. ఒకటి ‘మంచి, చెడు కొలెస్ట్రాల్’. రెండవది లైపోప్రోటీన్‌ను కొవ్వు మోసే బండిగా చెప్పటం. మొదటిదానిలోని అతిసరళత సులభంగానే పట్టుబడుతుంది. రెండవది నిరపాయంగా తోస్తుంది కనుక దాన్ని ఎవరూ ప్రశ్నించరు.

కొవ్వు నీటిలో కరగదు. ప్రోటీన్లు, ఫాస్ఫోలిపిడ్ల తొడుగులో ప్రయాణిస్తుంది. అంతవరకు బండి సరిపోతుంది. (ఫాస్ఫోలిపిడ్లలోని భాస్వరాన్ని కొలవటానికి ప్రయోగశాలలకు ఆధారమైన పద్ధతి 1925లో ఫిస్కే, ఎల్లాప్రగడ సుబ్బారావు ప్రకటించినదే.) అయితే బండికి సరుకు దింపటంలో పాత్ర ఉండదు. లైపోప్రోటీన్‌కు ఉంది. కండరాలలో, కొవ్వు కణజాలంలో కేశనాళికల లోపలి గోడను అంటిపెట్టుకొని లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. వచ్చిన ట్రైగ్లిజరైడ్లను అది విడగొట్టాలంటే, ఆ రేణువు మీదనే ఉండే అపోసి-2 అనే ప్రోటీన్ దాన్ని ప్రేరేపించాలి. అక్కడే ఉండే అపోసి-3 దాన్ని అడ్డుకుంటుంది. అపోసి-2 పుట్టుకతోనే లోపించినవారిలో ఎంజైమ్ ఉండి కూడా పనిచేయదు. ట్రైగ్లిజరైడ్లు విపరీతంగా పెరిగి క్లోమం వాచే ప్రమాదం ఏర్పడుతుంది. బండి రూపకంతో ఈ వ్యాధిని వివరించటం అసాధ్యం.

‘రక్తంలో కొవ్వు జీర్ణం కావటం’ అనే ప్రయోగమూ ఇటువంటిదే. జీర్ణక్రియ పేగుకు చెందినది. అక్కడ క్లోమపు లైపేజ్‌కు తోడ్పడే కోలైపేజ్ కూడా క్లోమం నుండే వస్తుంది. రక్తంలోనైతే ఆ తోడు కొవ్వు రేణువుతోపాటే ప్రయాణిస్తుంది. రెండింటికీ ఒకే క్రియాపదం వాడితే ఈ భేదం చెరిగిపోతుంది. ‘విడగొట్టటం’ అన్న మామూలు మాట ఇక్కడ మేలు.

ఒడిశా సరిహద్దులోని ముంచింగిపుట్టు మండలంలో, ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడి బడిలో తెలుగు చదివే విద్యార్థి ఉన్నాడనుకుందాం. ‘లైపోప్రోటీన్’ అతనికి రెండు భాషలలోనూ పరాయిమాటే. పట్టుకోవటానికి మిగిలేది రూపకమొక్కటే. అది తప్పితే దిద్దుకొనే ఆధారం అతని చేతిలో ఉండదు. అతనికి బండికన్నా కావడి దగ్గర. వలిసెలో పసుపో కావడికెత్తి సంతకు తెచ్చినవాడే బేరమూ ఆడతాడు. మూట విప్పాలో వద్దో తేల్చేదీ అతడే. మోత, ఆజ్ఞ ఒకే మనిషిలో ఉన్న ఈ పోలిక లైపోప్రోటీన్‌కు చాలామేరకు అతుకుతుంది.

పూర్తిగా కాదు. పేగు నుండి కొత్తగా వచ్చిన కైలోమైక్రాన్ తనకు కావలసిన అపోసి-2ను దారిలో హెచ్‌డీఎల్ నుండి అందుకుంటుంది. కొవ్వు తరిగాక తిరిగి హెచ్‌డీఎల్‌కే చేరుస్తుంది. ‘మంచి కొలెస్ట్రాల్’ అన్న మాటలో ఈ ఇచ్చిపుచ్చుకోవటం ఎక్కడా వినిపించదు.