కిన్నెర మెట్లు – విశ్వవిద్యాలయ సంగీతశాఖ : ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం

విశ్వవిద్యాలయ సంగీతశాఖ సాధించినదేమిటని అడిగితే సాధారణంగా ఒక పట్టిక సమాధానంగా లభిస్తుంది. ప్రదానం చేసిన పట్టాలు, నిర్వహించిన సదస్సులు, ఏర్పాటుచేసిన కచేరీలు, విద్యార్థులు పొందిన బహుమతులు అందులో ఉంటాయి. ఇవన్నీ అవసరమైన విషయాలే. అయితే ఆ శాఖ ఏ సంగీతాన్ని తన అధ్యయనవస్తువుగా అంగీకరించింది అన్న ప్రశ్నకు ఆ పట్టికలో జవాబు దొరకదు. తెలుగు విశ్వవిద్యాలయంలోని శాఖల విభజనను ఆధారంగా చేసుకొని, దక్షిణ తెలంగాణలోని కొత్తకోటకు ఇరువైపులా నిలిచిన రెండు వాద్యసంప్రదాయాల దృష్టితో ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. గురువు ఇంటి నుండి విద్యాసంస్థకు

తెలుగునాట సంగీతవిద్య సంస్థారూపం పొందడంలో 1919లో విజయనగరంలో ఏర్పడిన విజయరామ గానపాఠశాల ఒక మైలురాయి. దానికి ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. అక్కడే అధ్యాపకులుగా చేరిన ద్వారం వెంకటస్వామినాయుడు తరువాతి కాలంలో ఆ బాధ్యతను స్వీకరించారు. గురువు ఇంట మాత్రమే లభించే విద్య తరగతిగదికి రావడం అప్పటికి పెద్ద మార్పు. 1985లో హైదరాబాదులో తెలుగు విశ్వవిద్యాలయం స్థాపితమై, లలితకళలకు ప్రత్యేక పీఠం ఏర్పడడంతో ఆ మార్పు మరో మెట్టు ఎక్కింది. గాయకుడు పరిశోధకుడు కూడా కావచ్చుననీ, స్వరాన్ని గురించి తెలుగులోనే సిద్ధాంతగ్రంథం రాయవచ్చుననీ నిరూపించే అవకాశం కలిగింది. దీనిని తక్కువ చేసి చూడలేము.

అయితే ఆ పీఠంలో సంగీతశాఖ వేరు, జానపద కళలశాఖ వేరు. జానపద, గిరిజన విజ్ఞానానికి వరంగల్లులో మరొక పీఠం ఉంది. పాలనాసౌకర్యానికి ఈ విభజన తగినదే కావచ్చు. కాని శాస్త్రీయమైనది ‘సంగీతం’, ఊరివారు పాడేది ‘జానపదం’ అన్న భావనను ఈ ఏర్పాటు స్థిరపరిచే ప్రమాదం ఉంది.

3. మాట ఒకచోట, వరుస మరొకచోట

జానపద గేయాల పరిశోధనకు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు బలమైన పునాది వేశారు. ఆ కృషి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’గా వెలువడింది. ఆ పేరులోని ‘సాహిత్యం’ అన్న పదం గమనించదగినది. గేయం తెలుగుశాఖ ద్వారా విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టింది. కనుక దాని పదాలకు, ఇతివృత్తాలకు, వర్గీకరణకు అధిక ప్రాధాన్యం లభించడం సహజం. తరువాతి కాలంలో జానపద, గిరిజన వాద్యాల సేకరణకు పూనుకున్న జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ కూడా సాహిత్యరంగం నుండి వచ్చినవారే. సాహిత్యపరిశోధకులు వాద్యాన్ని వెదకి తెచ్చారు. ఆ వాద్యంలోని స్వరస్థానాలను, మీటులను, లయను వివరించవలసిన బాధ్యత సంగీతశాస్త్రానిది.

4. కొత్తకోటకు ఇరువైపులా

హైదరాబాదు – కర్నూలు జాతీయ రహదారిపై ఉన్న కొత్తకోట నేడు వనపర్తి జిల్లాలో ఉంది. దానికి తూర్పున, నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలంలో అవుసలికుంట ఉంది. పన్నెండు మెట్ల కిన్నెర వాదకులు దర్శనం మొగులయ్య స్వగ్రామమది. వాయవ్యాన, నారాయణపేట జిల్లాలోని దామరగిద్ద బుర్రవీణ వాదకులు దాసరి కొండప్ప ఊరు. మొగులయ్యకు 2022లో, కొండప్పకు 2024లో పద్మశ్రీ పురస్కారాలు ప్రకటించారు. ఉమ్మడి పాలమూరు జిల్లాకు చెందిన ఈ ఇద్దరినీ దేశం గుర్తించింది.

ఆ గుర్తింపు స్వభావాన్ని పరిశీలించాలి. ‘చివరి కళాకారుడు’ అన్న విశేషణం ఇద్దరికీ తరచుగా తోడవుతుంది. అది గౌరవంలా వినిపించినా, విద్యాసంస్థలకు అది హెచ్చరిక. పండుగల సాయన్న వీరగాథను మొగులయ్య పాడినప్పుడు కిన్నెర కేవలం వెనుక మోగే వాద్యం కాదు. కథకుడికి జతగా కథను నడుపుతుంది. కొండప్ప తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు పాడతారు. రెండు భాషల మధ్య ఒకే వాద్యం ఎలా సర్దుకుంటుందన్నది సాహిత్యప్రశ్న మాత్రమే కాదు, సంగీతప్రశ్న కూడా. పురస్కారం వ్యక్తికి లభిస్తుంది. విద్య నిలవాలంటే పాఠ్యక్రమం కావాలి.

5. శాస్త్రంలోని కిన్నరి, ఊరిలోని కిన్నెర

సంగీతశాఖ ఈ వాద్యాన్ని తన పరిధికి వెలుపలిదని భావించడానికి శాస్త్రం కూడా అంగీకరించదు. 13వ శతాబ్దికి చెందిన శార్ఙ్గదేవుని ‘సంగీతరత్నాకరం’ వాద్యాధ్యాయంలో కిన్నరీవీణ భేదాలను వర్ణించింది. పాల్కురికి సోమనాథుని ‘బసవపురాణం’లో కిన్నర బ్రహ్మయ్య కథ ఉంది. పేరు ఒకటైనంతమాత్రాన నేటి కిన్నెర ఆనాటి కిన్నరియేనని తీర్మానించడం తొందరపాటు. అయితే వెదురు దండం, సొరబుర్రలు, మైనంతో నిలిపిన మెట్లు గల వాద్యం నేటికీ మోగుతున్నప్పుడు, దానిని గ్రంథవర్ణనతో పోల్చి చూడడం పరిశోధకుల కనీస కర్తవ్యం.

ఇందులో సామాజిక కోణం కూడా ఉంది. కిన్నెర డక్కలివారి వాద్యం. గ్రంథంలోని కిన్నరిని తరగతిలో బోధిస్తూ, దానిని తరతరాలుగా కాపాడినవారిని ఉత్సవవేదికకు మాత్రమే పరిమితం చేస్తే, అది విద్యాపరమైన లోపమే కాక సామాజిక అన్యాయం కూడా అవుతుంది.

6. ముగింపు

సంగీతశాఖ చేయవలసినది స్పష్టం. పన్నెండు మెట్ల స్వరస్థానాలను కొలిచి నమోదు చేయాలి. వాదకులు తమ మెట్లకు, మీటులకు వాడే మాటలను పారిభాషికపదాలుగా స్వీకరించాలి. పట్టాతో నిమిత్తం లేకుండా కళాకారులను బోధకులుగా నియమించాలి. సిద్ధాంతగ్రంథంతోపాటు ధ్వనిముద్రణను కూడా పరిశోధనఫలితంగా పరిగణించాలి. సంగీతశాఖ, జానపద కళలశాఖ, తెలుగుశాఖ ఉమ్మడిగా పర్యవేక్షణ చేస్తేనే ఇది సాధ్యం.

2025లో తెలంగాణ శాసనసభ తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టే బిల్లును ఆమోదించింది. ఆయన స్వగ్రామం ఇటికాలపాడు కూడా పాలమూరు సీమలోనిదే. ప్రజల ఆటపాటలను, వినోదాలను చరిత్రకు ఆధారాలుగా స్వీకరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ఆయన రచన. ఆ పేరును ధరించిన విశ్వవిద్యాలయంలో సంగీతశాఖ సాధనను అంచనా వేసేటప్పుడు, నిర్వహించిన కచేరీల సంఖ్యతోపాటు కిన్నెర, బుర్రవీణ నేర్చి బయటికి వచ్చిన విద్యార్థుల సంఖ్యను కూడా లెక్కలోకి తీసుకోవాలి.